వంటింట్లో పక్కా రంగు

ధనత్రయోదశి దగ్గరపడింది. కార్ఖానాల్లో బోనసు ముచ్చట్లు నడుస్తున్నాయి. బర్తన్ల దుకాణాల ముందు ఎర్రవి, పచ్చవి, నీలివి గిన్నెలు దండలు కట్టినట్టు వేలాడుతున్నాయి. ఈ నెల మన పేజీకి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే అడుగుడు: "అక్కా, వంటింటిని రంగురంగులుగా చేసుకోవాలని ఉంది. ఏం కొనమంటావు?"

కుంభారి వైపు కొత్త ఇళ్లకు పోయినవాళ్లే ఎక్కువగా అడుగుతున్నారు. సోలాపురంలో 2006లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు గోదూతాయి పరులేకర్ పేరు మీద సుమారు 10,000 ఇళ్లు వచ్చాయి. 2024 జనవరిలో రే నగర్‌లో ఇంకో 15,000 ఇళ్లు ఇచ్చారు. వాటిలోకి మగ్గాలవాళ్లు, బీడీలవాళ్లు, తోపుడుబండ్లవాళ్లు పోయారు. అంతకుముందు చాలామందిది ఒక్క గది బతుకు. ఒక మూలకు స్టవ్వు, ఒక మూలకు నీళ్ల బిందె, నడుమ పడక. భివండీ పద్మానగర్‌లోనైనా, బొంబాయి చాళ్లలోనైనా అంతే కదా. అట్లాంటిది వంటకంటూ వేరే గోడ దొరికితే, దాన్ని మంచిగా పెట్టుకోవాలని ఎవరికి ఉండదు?

"వంటకు రుచి కావాలి గానీ రంగెందుకమ్మా" అని కొందరు పెద్దోళ్లు అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. రోజులో నాలుగైదు గంటలు ఒకే గోడ ముందు నిలబడే మనిషికి ఆ గోడ కళ్లకు ఇంపుగా ఉండాలని కోరుకునే హక్కు ఉంది. సోలాపురి చాదర్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎన్ని రంగుల చాదర్లు మన చేతుల మీదుగా ఊరు దాటి పోతాయో లెక్కలేదు. నేసినవాళ్ల ఇంట్లో మాత్రం మసిబట్టిన గోడా, సొట్టపోయిన గిన్నే ఉండాలా?

కాబట్టి రంగు వద్దని చెప్పను. కానీ రంగు గురించి మనకు తెలిసిన విద్యను దుకాణం గడప దాటంగానే మరిచిపోవద్దంటాను. రంగు ఖానాలో పనిచేసిన ఇంటివాళ్లకు చెప్పాలా? రంగులో పక్కా ఉంటుంది, కచ్చా ఉంటుంది. చూడటానికి రెండూ ఒకటే. తడిపిన తెల్లగుడ్డ పెట్టి గట్టిగా రుద్దితే ఏది ఏదో బయటపడుతుంది. బట్ట రంగు కచ్చాదైతే పక్క చొక్కా పాడవుతుంది. గిన్నె రంగు కచ్చాదైతే అది పోయేది పిల్లల కడుపులోకి.

అందుకని కొనేముందు గిన్నెను ఒకటే అడగండి: నీ రంగు ఎక్కడుంది? బయటి వైపా, తిండి తగిలే లోపలి వైపా? మంట తగిలే అడుగునా, పిడి మీదా? తిండి, మంట, పులుపు, ఈ మూడూ తగలని చోట రంగు ఎంతైనా ఉండనివ్వండి. ఈ మూడింట్లో ఒక్కటి తగిలినా అది పక్కా రంగు అయి తీరాలి.

బజారుకు పోయేటప్పుడు సంచిలో ఒక తెల్ల రుమాలు, చిన్న సీసాలో చిక్కటి చింతపండు రసం పెట్టుకోండి. గిన్నె లోపల రసం తగిలించి ఒక నిమిషం రుద్దండి. రుమాలుకు రంగు అంటితే అక్కడే పెట్టి రండి. దుకాణదారుడు ముఖం అదోలా పెడితే పెట్టనీయండి, పైసలు మనవి. అయితే ఒక మాట. రంగు అంటలేదంటే గిన్నె మంచిదని తేలినట్టు కాదు. సీసం వంటివి రుమాలు మీద కనిపించవు. ఈ పరీక్షలో తప్పిన గిన్నెను కొనొద్దు, నెగ్గినదాన్ని ఇంకొంచెం చూసి కొనాలి, అంతే.

ఇప్పుడు అందరూ అడిగే ఆ నాన్‌స్టిక్ సెట్టు సంగతి. కడాయి, పెంక, మూత, రెండు కట్టె గరిటెలు, అన్నీ ఒకే రంగులో పెద్ద డబ్బాలో వస్తాయి. గల్లీల్లోకి వచ్చి వారం కిస్తీల మీద అమ్మేవాళ్లు ఉన్నారు. "వారానికి 150 ఇయ్యమ్మా, నీకు తెలియకుండానే తీరిపోతది" అంటారు. తెలియకుండా ఎట్లా తీరుతుంది? 20 వారాలు కడితే 3,000. అదే సెట్టు దుకాణంలో రొక్కం పెడితే ఎంతకు వస్తుందో ముందు అడిగి, తర్వాత సంతకం పెట్టండి. వారం పగార్ మీద బతికే ఇంటికి 20 వారాలంటే దాదాపు ఐదు నెలలు. ఆ ఐదు నెలల్లో మగ్గం ఒక్క వారం ఆగినా కిస్తీ ఆగదు.

పైసల సంగతి అట్లుంచితే, పనికి వస్తుందా లేదా చూడండి. నాన్‌స్టిక్ పూత 260 డిగ్రీల వేడి దాటితే చెడటం మొదలవుతుంది. ఖాళీ పెంకను పెద్ద మంట మీద కొద్ది నిమిషాలు మరిచిపోతే చాలు, ఆ వేడి వచ్చేస్తుంది. బాగా మాడితే వచ్చే పొగ మనకూ మంచిది కాదు, పంజరంలో పక్షులుంటే వాటి ప్రాణమే తీస్తుంది. మన ఇళ్లలో రోజూ కాలేది ఏమిటి? జొన్నరొట్టె. జొన్నరొట్టెకు పెంక కణకణలాడాలి. కడక్ భాకరి చేసేవాళ్లకైతే ఇంకా చెప్పనక్కర్లేదు. రొట్టె కోసం ఎర్ర నాన్‌స్టిక్ పెంక కొంటే ఆరు నెలల్లో దాని నడుమ బట్టతల వస్తుంది. ఇనుప పెంకకు ఏ రంగూ లేకపోవచ్చు, కానీ అత్త వాడింది కోడలికి, కోడలు వాడింది మనుమరాలికి వస్తుంది.

నాన్‌స్టిక్ అసలే వద్దని కాదు. గుడ్డు అట్టుకో, పిల్లలు అడిగే దోసెకో చిన్నది ఒకటి చాలు. ఐదు సామాన్ల సెట్టు అక్కర్లేదు. కొనేటప్పుడు రంగు కంటే ముందు అడుగు మందం చూడండి. రెండు చేతులా పట్టుకుని బరువు అంచనా వేయండి. పలచటి అడుగు ఒక్కచోటే వేడెక్కుతుంది, పూత అక్కడే ముందు లేస్తుంది. ఇంకో సంగతి, ఎర్రటి బయటి పూత అడుగు దాకా ఉంటే గ్యాసు మంటకు అంచులు నల్లబడతాయి. నెల తిరిగేసరికి గోడకు వేలాడదీయడానికి కూడా సిగ్గనిపిస్తుంది. పిడీ, మూతా రంగువి, అడుగు మామూలుది అయితే ఆ అందం నిలుస్తుంది.

గిన్నెల్లో అసలు పక్కా రంగు కావాలంటే ఎనామెల్. పాత ఇళ్లలో తెల్ల కంచాలకు నీలి అంచు ఉండేది, కింద పడితే పెంకు లేచేది, గుర్తుందా? అదే. అది పెయింటు కాదు. గాజు పొడిని ఇనుము మీద పూసి దాదాపు 800 డిగ్రీల దగ్గర కాలుస్తారు. గాజు కరిగి లోహానికి అతుక్కుంటుంది. అందుకే చింతపండుకూ, టమాటాకూ అది లొంగదు, ఏళ్లు గడిచినా వెలవదు. బయట ఎంత ముదురు రంగైనా తీసుకోండి, లోపల మాత్రం తెల్లగా ఉన్నది ఏరుకోండి. ముదురు ఎరుపు, నారింజ, పసుపు రంగులకు కొన్నిచోట్ల కాడ్మియం వాడతారు, అది నాలుకకు తగిలే చోట ఉండకూడదు. దీని చెడ్డ గుణమల్లా పెళుసుదనమే. వేడి గిన్నెలో చల్లనీళ్లు పోయొద్దు, ఇనుప పీచుతో తోమొద్దు. లోపల పెంకు లేచిందంటే దాంట్లో వండటం ఆపి, ఉల్లిగడ్డలు వేసుకోండి. ఇది పిరమే. ఒకటి కొనాలనుకుంటే చాయ గిన్నెతో మొదలుపెట్టండి. రోజుకు నాలుగుసార్లు చేతికి వచ్చేది అదే, చుట్టాలు వస్తే ముందు కనిపించేదీ అదే.

పింగాణీ కప్పులు, రంగు మట్టి గిన్నెలు తిరునాళ్లలో అగ్గువకు దొరుకుతాయి. లోపల తళతళలాడే ఎరుపో, పసుపో ఉంటే అందులో పెరుగు, నిమ్మరసం, పచ్చడి పెట్టకండి. కొన్ని మెరుపు పూతల్లో సీసం ఉంటుంది, పులుపు దాన్ని లాగుతుంది. పూలు పెట్టుకోండి, గంటెలు నిలబెట్టుకోండి, అందానికి అందం. పచ్చళ్లకు మన పాత జాడీయే. పైన గోధుమరంగు, కింద తెలుపు. దాన్ని చూసి నామోషీ పడి బియ్యం డబ్బాల వెనక దాచేవాళ్లను చూశాను. అట్లాంటి జాడీలను పెద్ద పట్నాల్లో అలంకారం సామాన్ల దుకాణాల్లో పెట్టి అమ్ముతున్నారు! మూడు జాడీలు, పెద్దది, నడిమిది, చిన్నది, వరుసగా ఓటా మీద పెట్టి చూడండి.

జర్మను గిన్నెల మాట ఒకటి చెప్పాలి. మనం జర్మను అనేది అల్యూమినియమే. ఈ మధ్య వాటికి బయట నీలం, గులాబీ రంగులు కొట్టి అమ్ముతున్నారు. రంగు కింద ఉన్నది పాత సంగతే: పులుపు, ఉప్పు పడితే అది కరిగి కూరలోకి వస్తుంది, గిన్నె నల్లబడుతుంది. పప్పుచారు, పులుసు అందులో వండి రాత్రంతా ఉంచొద్దు. ఊరూపేరూ లేనివాటితో ఇంకో భయం ఉంది. పాత తుక్కు కరిగించి పోసిన గిన్నెల్లో సీసం కలిసి ఉండొచ్చు, అది కంటికి తెలియదు. 2024లో కేంద్ర ప్రభుత్వం స్టీలు, అల్యూమినియం వంట పాత్రలకు ఐఎస్ఐ గుర్తు ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి గుర్తు చూపించమని అడగడం మన గొణుగుడు కాదు. స్టీలు కొనేటప్పుడు కొందరు అయస్కాంతం తీస్తారు. అది అంటుకోకపోతే మేలిమి స్టీలని చెబుతారు. అది సగం మాటే. నాసిరకం 202 స్టీలుకూ, మంచి 304 స్టీలుకూ, రెంటికీ మామూలుగా అయస్కాంతం అంటదు. గిన్నె మీద అచ్చు చూడండి, బిల్లు తీసుకోండి.

రంగుల కుక్కర్లు కూడా వచ్చాయి. ఇక్కడ నేను బతిమాలను, గట్టిగానే చెబుతాను. కుక్కరుకు ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 2347 అనే అంకె లేకపోతే కొనొద్దు. 2021 నుంచి అది తప్పనిసరి. ఫోనులో బొమ్మ చూసి తెప్పించుకునేవాళ్లు డబ్బా విప్పగానే ఆ అంకె వెతకండి. రంగు మాడితే గిన్నె పోతుంది. కుక్కరు పేలితే పోయేది గిన్నె కాదు.

మెలమైన్ ప్లేట్లు పూల బొమ్మలతో ముద్దుగా ఉంటాయి. పూరీ, చుడువా, అరటిపండు, వీటికి సరే. సలసల కాగే సాంబారు, వేడి వేడి పులుసు వాటిలో వద్దు. మైక్రోవేవులో అసలే వద్దు. ప్లాస్టిక్ డబ్బాలు పొడి సామానుకే. వేడి నూనె, వేడి చాయ పోస్తే ఎంత ఖరీదైన రంగు డబ్బా అయినా తప్పే. పాత చీరలిస్తే రంగు టబ్బులిచ్చే ఆడవాళ్లు గల్లీలోకి వస్తారు కదా, ఆ టబ్బులు బట్టలకు, బోళ్లు తోమడానికి. పిండి కలపడానికి కాదు.

ఇంత చెప్పాక "మరి రంగెక్కడ అక్కా?" అంటారు. రంగు బట్టలో ఉంది! ప్రపంచానికి రంగు బట్ట నేసి పంపే మనం, వంటింటి రంగు కోసం ఇనుప సామాన్ల దుకాణానికి పోవడం చూస్తే నాకు నవ్వు వస్తుంది. కార్ఖానాల దగ్గర చిన్న లోపాలున్న టవల్లు, నాప్కిన్లు తూకానికి దొరుకుతాయి. వాటిలోంచి ఒకే కుటుంబం రంగులు రెండు ఏరుకోండి. నీలం, తెలుపు కావచ్చు, ముదురు పచ్చ, పసుపు కావచ్చు. రెండే. నాలుగు రంగులు కలిపితే ఇరుకు వంటగది ఇంకా ఇరుకవుతుంది. వాటితోనే చేతి గుడ్డలు, డబ్బాల కింద పరిచేవి, ఓటా కింద తెర, రొట్టెల బుట్టలో చుట్టే గుడ్డ చేసుకోవచ్చు. ఆరు నెలలకు విసుగొస్తే మార్చేయొచ్చు. 3,000 పెట్టిన సెట్టును మార్చగలమా?

గిన్నెలు దించే మసిగుడ్డకు మాత్రం నిక్కమైన నూలు బట్టే వాడండి. టెర్రీ టవల్ నాలుగు మడతలు పెట్టి, మీద చిందీ ముక్కలు బొంత కుట్టినట్టు కుట్టండి. నైలాను, పాలిస్టరు కలిసిన ముక్కలు వద్దు. వేడి తగిలితే కరిగి చేతికి అంటుకుంటాయి. తెలియని ముక్క అయితే ఒక దారం తీసి పెరట్లో కాల్చి చూడండి. బూడిదైతే నూలు, గట్టి పూస కడితే పాలిస్టరు. ఇది మీకు నేను నేర్పేది కాదనుకోండి.

ఇంట్లోనో పక్కనో మగ్గాలున్నవాళ్లకు ఇంకో మాట. మన ఇళ్లలో దూది నుసి గాలిలోనే ఉంటుంది. పొయ్యి పక్కన కుచ్చులు, కాగితం పూలు, అల్లిన తోరణాలు వేలాడదీస్తే వాటి మీద నూనె ఆవిరి, దాని మీద నుసి, నెలరోజుల్లో బొచ్చు పట్టి వేలాడుతాయి. చూడటానికి అసహ్యం, నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది. స్టవ్వుకు రెండు చేతుల దూరంలో వేలాడే బట్ట ఏదీ ఉండొద్దు. ఓటా కింద తెర కట్టినా సిలిండరు ఉన్న భాగాన్ని మూయకండి. కింద గాలి ఆడాలి.

సిలిండరు అన్నాను కాబట్టి గుర్తొచ్చింది. గ్యాసు పైపుకు పూలపూల తొడుగులు కుట్టి వేస్తున్నారు. విప్పేయండి. ఆ నారింజ రంగు సురక్షా పైపు మీద తేదీ అచ్చువేసి ఉంటుంది. ఐదేళ్లు దాటితే మార్చాలి. తొడుగు కింద పగులు కనబడదు, తేదీ కనబడదు. అది బయటికి కనిపించాల్సిన రంగు.

రంగును పనికి పెట్టడం కూడా నేర్చుకోవచ్చు. మాంసం కోసే పలక ఎర్రది, కూరగాయలది పచ్చది. పెద్ద హోటళ్లలో చేసే పనే ఇది, ఒకదాని నీచు ఇంకోదానికి అంటకుండా. చదువురాని అత్తమ్మ ఉంటే ఉప్పు డబ్బాకు నీలి మూత, చక్కెర డబ్బాకు ఎర్ర మూత పెట్టండి, ఎవరినీ అడిగే పని ఉండదు. కళ్లు మసకబారిన పెద్దోళ్లకు తెల్ల ప్లేటులో తెల్లన్నం సరిగా ఆనదు. ముదురు రంగు అంచున్న ఎనామెల్ కంచంలో పెట్టి చూడండి, ఎంత తిన్నారో, ఎంత మిగిలిందో వాళ్లకే తెలుస్తుంది. ఇంటికంతా ఒక్క రంగు కంచమే కొనగలిగితే, అది వాళ్లకే కొనండి.

గోడకు ముదురు రంగు వేయొద్దు. కిటికీ లేని వంటింట్లో ముదురు గోడ వెలుతురు మింగేస్తుంది. తెలుపో, లేత పసుపో వేసి, దాని ముందు మాండణి పెట్టండి. ఇక మాండణి పై వరుస ఇత్తడికి వదలండి. పెళ్లికి వచ్చిన బిందె, చెంబు అటక మీద పచ్చబడి పడి ఉంటాయి. చింతపండుతో తోమితే వచ్చే ఆ బంగారు రంగుకు దుకాణంలో సాటి వచ్చేది లేదు. వండాలనుకుంటే మాత్రం కలాయి ఉండాలి. కలాయి అంటే తగరం పూత, అది 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఖాళీ గిన్నె మంట మీద పెట్టొద్దు, అందులో వేపుళ్లు వద్దు. కలాయి పోసేవాళ్లు ఇప్పుడు తక్కువ. మీ పేటకు ఎవరైనా వస్తే పది ఇళ్లవాళ్లు కలిసి ఒకే రోజు పిలిపించండి, ఆయనకూ గిట్టుబాటు.

చివరగా ఒక చెల్లెలి ఉత్తరం. "అక్కా, మీరు చెప్పకముందే ఎర్ర సెట్టు కొనేశాను. ఎనిమిది కిస్తీలు కట్టాను. ఇంకా పన్నెండు ఉన్నాయి. ఇంట్లో పడేయమంటున్నారు." పడేయకు చెల్లెమ్మా. కట్టిన పైసలకు పని చేయించుకో. సన్న మంట, నూనె వేశాకే వేడి, కట్టె గరిటె, మెత్తటి పీచు, ఈ నాలుగూ పాటిస్తే చాలా రోజులు వస్తుంది. రొట్టె మాత్రం దాని మీద కాల్చకు. ఒకదాంట్లో ఒకటి పెట్టేటప్పుడు మధ్యలో పాత టవల్ ముక్క వేయి, గీతలు పడవు. కిస్తీ కట్టిన ప్రతిసారీ చీటీ మీద తేదీ, సంతకం తీసుకో. ఎనిమిదింటికీ చీటీలు లేకపోతే ఈ వారమే అడుగు, పక్కింటామెను తోడు పెట్టుకుని అడుగు. పూత లేచిన రోజు కడాయిని వంటకు ఆపి, అడుగున రెండు చిల్లులు పెట్టి మట్టి పోయి. రే నగర్ ఎండకు పుదీనా బాగానే వస్తుందట.